పరుశురాం వైండింగ్ వర్క్స్

రాహేలు ఆటో దిగక ముందే అరవడం మొదలుపెట్టింది.

"పరుశురాం గారూ! వారం తిరగలేదండీ. మళ్ళీ ఆగిపోయింది!"

తార్నాక మెయిన్ రోడ్డు నుంచి లాలాపేట వైపు తిరిగే సందులో ఉంది ఆ షాపు. ముందు భాగంలో పరుశురాం బల్ల, దాని మీద విప్పిన మిక్సీలు, కూలర్ పంపులు, ఇస్త్రీ పెట్టెలు. వెనక భాగానికి ప్లైవుడ్ చెక్క అడ్డం కట్టి ఉంది. ఆ చెక్క వెనుక పీట మీద కూర్చుని అతని భార్య కరుణ ఒక సీలింగు ఫ్యానుకు కాయిలు చుడుతోంది. ఒళ్ళో ఇనుప చక్రం, చక్రం గాళ్ళలో మడిచి పెట్టిన పసుపు కాగితాలు, ఆ కాగితాల మధ్య నుంచి వెంట్రుకలాంటి రాగితీగ. అరుపు వినపడగానే ఆమె పెదవుల మీద నడుస్తున్న లెక్క తప్పింది. ఎన్నో చుట్టు? కళ్ళు మూసుకుని పట్టుకోబోయింది. దొరకలేదు. ఆ గాడిలో చుట్టిందంతా మళ్ళీ విప్పాలి.

ఏప్రిల్ ఎండ రేకుల మీద పెళపెళలాడుతోంది. కరుణ కూర్చునే చోట ఫ్యాను వెయ్యరు. గాలి తగిలితే గాళ్ళలో పెట్టిన కాగితాలు లేచిపోతాయి. మెడ మీద చెమటను భుజానికేసి తుడుచుకుని, విప్పడం మొదలుపెట్టింది.

బయట ఆటో డ్రైవరు ఫ్యానును, ఊడదీసిన రెక్కలను మోసుకొచ్చి బల్ల మీద దించాడు. రాహేలు యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తా. క్యాంపస్ లోపల స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉంటుంది. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి. ఈరోజు మాత్రం సందంతా వినపడేలా అరుస్తోంది.

"మా అత్తగారు మంచం దిగలేరని మీకు చెప్పానా లేదా? వీపంతా పేలిపోయిందండీ ఆవిడకి. తడిగుడ్డ పెడుతూ కూర్చుంటున్నాను, ఆఫీసుకు సెలవు పెట్టి. కొత్తగా చుట్టాం, ఇక ఫ్యాను సంగతి మర్చిపోండి అన్నారు. నా చేతి పని అన్నారు!"

నా చేతి పని. ఆ మాట అతను అందరితోనూ అంటాడు. కరుణ ఎన్నోసార్లు విన్నది. విని తీగ చుట్టుకుంటూ పోయింది. నిజానికి ఆ షాపులో ఫ్యాను కాయిలు చుట్టే చెయ్యి ఒక్కటే. మామ బుచ్చిరాములు, కొడుకు రెండు గాళ్ళు నిండే లోపే తీగ తెంపుతున్నాడని విసుగెత్తి, పోయే ముందు ఆ పని కోడలికి నేర్పాడు.

పరుశురాం గొంతు తగ్గించాడు. చెక్క అవతలికి వినపడకూడదని కాదు. బతిమాలేటప్పుడు అతని గొంతు అలాగే ఉంటుంది.

"మేడం, మీతోని అబద్ధమెందుకు? ఇది నేను చుట్టలే. చేతినిండ పనుండె. మా ఆమెకిచ్చిన. ఆడోళ్ళ పని తెలుసు గదా, గిట్లనే ఉంటది. నాదే తప్పు, ఆమెకియ్యకుంటుండె."

రాహేలు ఫ్యాను వైపు, చెక్క వైపు మార్చి చూసింది.

"మీ ఆవిడ చుట్టిందా? ముందే చెప్తే ఇంకోచోట ఇచ్చుకునేదాన్ని కదండీ! మంచం మీద మనిషితో ఆటలా? ఈసారి మీరే చుట్టండి. ఆవిడ చేత వద్దు."

"అట్లనే మేడం. నేనే కూసుంట. రేపు సాయంత్రం పట్టుకపొండ్రి."

కరుణ చేతిలో తీగ పటుక్కున తెగింది. చూపుడు వేలి మీద సన్నటి గీత పడి, నెత్తురు చుక్క తేలింది. ఆమె దాన్ని చప్పరించి, అలాగే చెక్క వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆటో వెళ్ళిపోయాక పరుశురాం ఫ్యాను పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆమె ముందు పెట్టాడు.

"విప్పి మళ్ళ చుట్టు. జల్ది."

"ఎవరు?"

"ఎవరేంది?"

"మేడం ఎవర్ని చుట్టమన్నది?"

అతను నవ్వాడు. "ఏదో అన్న తియ్యి. గిరాకి కోపం మీదున్నది. ఏదో ఒకటి చెప్పి పంపియ్యాలె గదా."

"బాగ తిరిగితె నీ చెయ్యి. ఆగిపోతె నా చెయ్యా?"

"మెల్లగ. బయట ఇంటరు."

"ఇననీ."

అతను బయటికి ఒకసారి చూసుకున్నాడు. "ఇప్పుడు నాతోని కొట్లాడుతవా, పని జేస్తవా?"

కరుణ ఫ్యానును దగ్గరికి లాక్కుంది. ముందు ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. కాలిన కాయిలు వాసన ఎంత కడిగినా పోదు. ఇందులో అది లేదు. తను పూసిన వార్నిషు వాసనే ఇంకా పచ్చిగా ఉంది. రాడ్డు పట్టుకుని ఫ్యాను డొప్పను తిప్పింది. ఎక్కడా పట్టలేదు, గరగరలాడలేదు, దానంతట అదే నాలుగు చుట్లు తిరిగి నెమ్మదిగా నిలబడింది. బేరింగులు బాగున్నాయి. టెస్టు బల్బు తీగలు రెండూ తెచ్చి ఒక కాయిలుకు పెట్టింది. బల్బు వెలిగింది. రెండో కాయిలుకు పెట్టింది. వెలిగింది. కండెన్సరు విప్పి కొత్తది కలిపి చూసింది, మళ్ళీ పాతదే కలిపింది. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. రెక్కలు లేని ఫ్యాను ఆమె ముందు గిర్రున తిరిగింది. ఆమె దాన్ని చాలాసేపు అలాగే తిరగనిచ్చింది. డొప్ప మీద చెయ్యి వేసి చూసింది. గోరువెచ్చగా ఉంది, అంతే.

"ఏం చెడలే," అంది.

పరుశురాం నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు. కాసేపటికి ముఖం తేలికపడింది.

"మంచిదే అయ్యింది. అయితె ముట్టకు. రేపటిదాక పక్కన పెట్టు. నేను చుట్టిన అని చెప్పి ఇచ్చేస్త."

కరుణ తలెత్తింది. ఇంతసేపూ గుండెలో మండుతున్నది ఇప్పుడు చల్లబడి గడ్డ కట్టినట్టయింది.

"నడిచే ఫ్యాను వాళ్ళింట్ల ఆగిందంటె వాళ్ళింట్ల ఏదో చెడ్డది. గాడ పెట్టినంక మళ్ళ ఆగుతది. అప్పుడేం జెప్తవ్?"

"పాత క్వార్టరు, వైరింగు ఖరాబున్నదని జెప్త."

"ఆ ముసలామె?"

"నీకెందుకే అవన్ని? నీ పని చుట్టుడు. చుట్టు."

అతను ముందుకు వెళ్ళి మిక్సీ జారు తిప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు కరుణ ఇంకో గాడి చుట్టలేదు. ఇంట్లో అన్నం వడ్డించి అతని పక్కన కూర్చోలేదు. కూర ఇంకొంచెం వెయ్యమని అతను గిన్నె వైపు చెయ్యి చూపిస్తే, గిన్నెనే అతని ముందుకు జరిపి లేచిపోయింది.

పొద్దున పరుశురాం రాగితీగ కొనడానికి రాణిగంజ్ బయల్దేరాడు. బండి సందు మలుపు తిరిగేదాకా చూసి, కరుణ చీర చెంగు నడుముకు బిగించింది. ప్లాస్టిక్ సంచిలో టెస్టరు, కటింగు ప్లేయరు, స్క్రూడ్రైవరు, కనెక్టర్లు, ఒక కొత్త టేపు వేసుకుంది. రెక్కలు తాడుతో కట్టింది. షట్టరు దించి ఆటో ఆపింది.

పక్కన జిరాక్సు షాపు రాజలింగు బయటికి వచ్చాడు. "ఎటు వదినా, ఫ్యానేసుకోని?"

"క్యాంపస్‌కు."

"అన్న లేడా?"

"అన్న లేకుంటె నాకు తొవ్వ దొరకదా?"

రాజలింగు నోరు మూసుకుని జేబులోంచి ఫోను తీశాడు. ఎవరికి చేస్తాడో ఆమెకు తెలుసు. చెయ్యనీ అనుకుంది.

క్వార్టరు నంబరు ఫ్యాను డొప్ప మీద మార్కరుతో రాసే ఉంది. ఆటో క్యాంపస్ గేటు దాటి వేపచెట్ల నీడలోకి వెళ్ళింది. పరీక్షల రోజులు. కుర్రాళ్ళు గుంపులుగా చెట్ల కింద చాపలు పరుచుకుని చదువుతున్నారు. హాస్టళ్ళు దాటాక పెచ్చులూడిన క్వార్టర్లు వరసగా వచ్చాయి. రాహేలు తలుపు తీసి, ఫ్యానును చూసింది, కరుణ వెనక్కి చూసింది.

"ఆయన రాలేదా?"

"నేనొచ్చిన. ఆయన భార్యను. కరుణ. మీరు వద్దన్నది నన్నే."

రాహేలు ముఖం ఎర్రబడింది. సిగ్గుతో మొదలై మళ్ళీ కోపంలోకే తిరిగింది. "చూడమ్మా, నాకు ఎవరిమీదా పగ లేదు. లోపలికొచ్చి మా అత్తగారిని ఒకసారి చూడు, తర్వాత మాట్లాడు."

గదిలో కిటికీకి తడి దుప్పటి వేలాడుతోంది. మంచం మీద రాహేలు అత్త ప్రిస్కిల్లమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. పలచటి తెల్లజుట్టు దిండుకు అంటుకుపోయింది. పొడి పూసిన మెడ మీద ఎర్రటి పొక్కులు. ఆమెకు సరిగ్గా పైన, స్లాబు కొక్కెం దగ్గర, తెగిన రెండు వైర్లు.

కరుణ చూసింది. చేతిలో సంచి కింద పెట్టింది.

"మేడం, ఆగిపొయ్యే ముందల ఏమైంది? ఒక్కసారె ఆగిందా, మెల్లగైందా?"

"ఆగి ఆగి తిరిగింది. స్విచ్చి రెండుసార్లు కొడితే మళ్ళీ తిరిగేది. పైన ఏదో చిటచిటలాడేది. బల్లి అనుకున్నాను."

"చప్పుడు ఫ్యాను లోపల్నుంచా, స్లాబు దగ్గర్నుంచా?"

"స్లాబు దగ్గరే," అన్నది మంచం మీది గొంతు. "మెరిసింది కూడానమ్మా. నీలంగా, చిన్న చుక్క. నేను రోజంతా చూసేది దాన్నే కదా. చెప్తే ఎవరూ వినలా."

రాహేలు తల దించుకుంది. "నిద్రలో ఏదో అంటున్నారనుకున్నాను."

కరుణ ముసలామె వైపు తిరిగింది. "ఎప్పుడు మెరిసింది పెద్దమ్మా? తిరిగేటప్పుడా, ఆగినప్పుడా?"

"ఆగబోయే ముందు. మెరవడం, ఆగడం."

కరుణ ముందు స్విచ్చిబోర్డు విప్పింది. టెస్టరు పెడితే లైటు వచ్చింది. రెగ్యులేటరును తప్పించి సూటిగా కలిపి చూసింది. అక్కడా కరెంటు బాగానే వస్తోంది. మంచాన్ని ఇద్దరూ పట్టుకుని గోడ వైపు జరిపారు. భోజనాల బల్ల తెచ్చి, దాని మీద స్టూలు వేశారు. మెయిను ఆపించి, కరుణ పైకెక్కింది.

కొక్కెం పక్కన, తెగిన చివరలకు పైన, ఒక నల్లటి ముద్ద వేలాడుతోంది. గోరుతో గీకింది. కరిగిన టేపు పెచ్చులుగా రాలింది. లోపల రెండు వైర్లు, ఒకదానిమీద ఒకటి చేత్తో మెలేసి ఉన్నాయి. కనెక్టరు లేదు. రాగి పెళుసుబారి, బూడిదరంగు తిరిగింది. పక్కన సున్నం మీద మసి మరక అరచెయ్యంత పాకింది.

"మేడం, ఫ్యాను దించిందెవరు?"

"మా వాచ్‌మన్. కింద వైర్లు కత్తిరించి దింపాడు. పైన ముట్టుకోలేదు."

"మరి ఇది కట్టింది?"

"మీ ఆయనే కదా. వారం కిందట బిగించినప్పుడు. కనెక్టరు తేలేదు, ప్రస్తుతానికి చుట్టి పోతున్నా, మళ్ళీ వచ్చి మారుస్తా అన్నారు. రాలేదు."

కరుణ స్టూలు మీద నుంచి కిందికి చూసింది. మంచం ఇప్పుడు పక్కకు జరిగి ఉంది గానీ, నేల మీద మంచం కోళ్ళ గుర్తులు నాలుగూ సరిగ్గా ఆ ముద్ద కిందే ఉన్నాయి. ఇంకో రెండ్రోజులు చిటచిటలాడి ఉంటే రవ్వ రాలేది. పరుపు మీద రాలేది. దిగలేని మనిషి మీద.

కరుణ ప్లేయరుతో ఆ ముద్దకు పైన కత్తిరించి, దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కిందికి దిగింది. సంచి పక్కన నేల మీద ఉంచింది.  రాహేలు నీళ్ళ గ్లాసు అందిస్తే తాగింది.

ఫ్యాను ఎత్తడం ఒక్క మనిషి వల్ల కాదు.

"మీరు కింద పట్టుకోండ్రి," అంది.

"నాకు భయమమ్మా."

"పట్టుకోండ్రి. నేను లేనా?"

రాహేలు బల్ల ఎక్కి, ఫ్యానును రెండు చేతులతో తల మీదికి ఎత్తింది.  కరుణ రాడ్డును కొక్కేనికి తగిలించి బోల్టు దూర్చింది, నట్టు బిగించింది, పిన్ను తొడిగి దాని చివరలు విడదీసి వంచింది. "ఇగ వదిలిపెట్టండ్రి" అన్నా రాహేలు వదల్లేదు. రెండోసారి చెప్పాక మెల్లగా చేతులు తీసింది. కరుణ వైర్లు మెరిసేదాకా గీకి, కనెక్టరులో దూర్చి స్క్రూలు బిగించింది. ఒక్కొక్క వైరు పట్టి గట్టిగా లాగి చూసింది. రాడ్డుకున్న ప్లాస్టిక్ కప్పును స్లాబు దాకా తోసి వైర్లను మూసింది. రెక్కలు బిగించి దిగి, మెయిను వేయమంది.

ఫ్యాను ఒకసారి ఊగి, తిరగడం మొదలుపెట్టింది. కిటికీ దుప్పటి కదిలింది. దిండుకు అంటుకున్న తెల్లజుట్టు ఒక్కొక్క పాయే లేచింది. ప్రిస్కిల్లమ్మ కళ్ళు మూసుకుంది. ఆ ముఖాన్ని రాహేలు చాలాసేపు చూసింది.

"నిన్న రాత్రికి రాత్రే మళ్ళీ చుట్టారా?"

"లేదు. మీరు నిన్న తెచ్చిందే ఇది. ఒక్క తీగ ముట్టలే. మీరు వద్దన్న చుట్టుడే తిరుగుతున్నది."

రాహేలు పైట చెంగు వేలికి చుట్టుకుంది. "నిన్న కోపంలో అనేశాను."

"నాకు గూడ కోపమే ఉన్నది మేడం," అంది కరుణ. "నల్లా ఎటు దిక్కున్నది? చేతులు కడుక్కుంట."

వెనక వసారాలో సబ్బుతో మసి రుద్దుకుంటుండగా ముందు బండి ఆగిన చప్పుడైంది. చెప్పులు వదిలిన చప్పుడు. తర్వాత పరుశురాం గొంతు, పరుగెత్తుకొచ్చిన ఆయాసంతో. లోపలికి రాగానే అతని కళ్ళు పైకి వెళ్ళి ఉంటాయి. గొంతులో ఆయాసం పోయి ధీమా వచ్చింది.

"చూసిన్రా మేడం? నిన్ననే చెప్పిన గదా. రాత్రంత కూసోని నేనే మళ్ళ చుట్టిన. పొద్దున పనుండి మా ఆమెతోని పంపిన. ఇగ చూస్కోండ్రి, నా చెయ్యి పడ్డదంటె..."

కరుణ నల్లా కట్టేసింది. తడి చేతులతోనే లోపలికి వచ్చింది. ఆమెను చూసి అతను మాట మధ్యలో ఆపాడు. ఆమె సంచి దగ్గర వంగి, నల్లటి ముద్దను తీసి, అతని చెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టింది.

"నువ్వు చుట్టింది ఇది."

అతను దాన్ని చూశాడు. గుర్తుపట్టాడు. ఒకసారి పైకి చూశాడు. తర్వాత చూపు జారి, నేల మీద మంచం కోళ్ళ గుర్తుల దగ్గర ఆగింది.

"అదేనా మెరిసింది?" ప్రిస్కిల్లమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది.

"అదే పెద్దమ్మా."

"ఆ దినం కనెక్టర్లు అయిపోయినయి," అన్నాడు పరుశురాం. "మళ్ళ వద్దామనుకున్న..."

 రాహేలు అతన్ని కూర్చోమనలేదు. కరుణ టెస్టరు, ప్లేయరు సంచిలో వేసుకుంది.

బయట ఎండ తెల్లగా ఉంది. కరుణ సంచి పట్టుకుని నడుస్తుంటే అతను బండిని తోసుకుంటూ పక్కన వచ్చాడు.

"ఎక్కు."

"నడుస్త."

"మంది ముంగట ఇజ్జత్ తీస్తివి."

"నిన్న నువ్వు నాదెవరి ముంగట తీసినవ్?"

అతను కొంతదూరం వెళ్ళాక, "గిరాకిని ఊకుంచెటందుకు ఏదో అంటిమి, దానికే ఇంతనా?" అన్నాడు.

కరుణ ఆగింది. చెట్టు కింద చదువుకుంటున్న ఇద్దరు తలలెత్తి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు.

"గిరాకి సంగతి కాదు. రవ్వ ఆమె మీద పడ్డా ఆడోళ్ళ పని అనే అందువు. ఇగ ఇను. నేను చుట్టింది నేను చుట్టిన అని చెప్పాలె. తిరిగినా నాదే, కాలినా నాదే. నీది నువ్వు చెప్పుకో. నీ నోట్లకెల్లి ఆ మాట వచ్చిందాక నేను తీగ ముట్ట."

"ఆడామె చుడుతదంటె ఎవడు ఫ్యానిస్తడే?"

"ఇయ్యకుంటె మాన్రి."

ఆమె మళ్ళీ నడిచింది. అంత గట్టిగా అన్నాక ప్రాణం తెరిపిన పడుతుందనుకుంది. పడలేదు. తార్నాక చౌరస్తా దాటుతుంటే కూడా కణతలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

అతను ఆ సాయంత్రం ఆ మాట అనలేదు. మర్నాడూ అనలేదు. కరుణ రోజూ వచ్చినట్టే షాపుకు వచ్చింది. పీట మీద కూర్చుని ఖాళీగా గోడ చూసింది. కాలిపోయిన ఫ్యాన్లు చెక్క పక్కన ఒకదాని మీద ఒకటి చేరాయి. ఫోనులో ఎవరెవరో అడుగుతుంటే పరుశురాం "అయితది, అయితది" అన్నాడు. ఒకసారి అతనే ఒక చక్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి గాడిలోనే కాగితం చిరిగింది. రెండో గాడిలో తీగ తెగింది. ముడి వేసి చుట్టాడు, మళ్ళీ తెగింది. చక్రాన్ని దూరంగా తోసి, బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆమె నవ్వలేదు. నవ్వు వచ్చేంత దగ్గరలో లేదు ఆమె కోపం.

ఆ మర్నాడు షట్టరు ఎత్తిన కాసేపటికే సీతాఫల్‌మండిలో గది తీసుకుని చదువుకుంటున్న జశ్వంత్ అనే అబ్బాయి ఫ్యాను పట్టుకుని వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"అన్నా, మొత్తానికే బందైంది. పరీక్షలున్నయి. ఎప్పుడిస్తరు?"

"రేపు..." అన్నాడు పరుశురాం అలవాటుగా. ఆ తర్వాత ఆగిపోయాడు. చెక్క వెనుక నుంచి ఏ చప్పుడూ లేదు. అతను ఫ్యానును చూశాడు, చెక్క పక్కన పేరుకున్న ఫ్యాన్లను చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకు తెల్వది," అన్నాడు. "చుట్టేది నేను కాదు. మా ఆమె చుడుతది. ఎప్పుడైతదో ఆమెనే అడుగు."

జశ్వంత్ ఇదేదో మామూలు సంగతే అన్నట్టు తల ఊపి, ఫ్యాను ఎత్తుకుని చెక్క పక్కనుంచి లోపలికి వచ్చాడు. "అక్కా, జర చూస్తరా?"

కరుణ పరుశురాం వైపు చూడలేదు. చేతులు చాపి ఫ్యాను అందుకుంది. వాసన చూసింది. తిప్పి చూసింది.

"కాయిలు కాలింది. చుట్టాలె. ఇవాళ్ళ కాదు, ఎల్లుండి రా. నీకన్న ముందు వచ్చినోళ్ళవి ఉన్నయి."

"ఎల్లుండి పక్కానా అక్కా?"

"పక్కా. బిగించెటందుకు గూడ నేనే వస్త. ఇల్లు ఎక్కడో చెప్పు."

బయట పరుశురాం బల్ల మీది మిక్సీని దగ్గరికి లాక్కుని స్క్రూ తిప్పుతున్నాడు. స్క్రూ ఊడి బల్ల మీద పడింది. అతను ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.